పంచ్ నంబర్ ఒకటి

సిరోంచలో మా జిరాక్స్ దుకాణం పోలీస్ స్టేషన్‌కు ఎదురుగా ఉంటుంది. ఈ ఒక్క కారణం చేత నేను చాలా ఏళ్లుగా ప్రతిష్ఠ గల పౌరుణ్ణి. పోలీసులు ఏదైనా పట్టుకుంటే పంచనామా రాయాలి. అంటే, అక్కడ ఏం దొరికింది, ఎట్లా దొరికింది అని ఒక కాగితం. దాని కింద పోలీసులు కాని ఇద్దరు మనుషులు, మా కళ్లముందే ఇదంతా జరిగిందని సంతకాలు చేయాలి. ఆ ఇద్దరినీ పంచ్‌లు అంటారు. పంచ్‌లు పరువు గల మనుషులై ఉండాలట. పరువు కోసం ఊరంతా తిరగడం ఎవరికైనా కష్టమే. రోడ్డు దాటితే నేనున్నాను.

నేను పంచ్ నంబర్ ఒకటి. పక్కన పాన్‌డబ్బా ఆయన పంచ్ నంబర్ రెండు. ఆయన నాకంటే పెద్దవాడు, చదువుకున్నవాడు కూడా, కానీ ఆయన డబ్బా స్టేషన్‌కు నాలుగడుగులు ఎక్కువ దూరం. పంచ్‌ల ఆధార్ కార్డు నకలు జతచేయాలి కాబట్టి నా కార్డు జిరాక్సులు ఒక కట్ట తీసి ఎప్పుడూ సిద్ధంగా పెట్టుకునేవాణ్ణి. స్టేషన్ జమేదారు తలుపు దగ్గర నిలబడి మరాఠీలో "చలా శేఠ్", పద సేఠూ అంటే, ఒకటి తీసుకుని చెప్పులేసుకునేవాణ్ణి.

పని ఎక్కువగా సీసాలదే. మాది మరాఠీ రాష్ట్రం, మా జిల్లాలో మందు అమ్మకూడదు, కొనకూడదు. గోదావరి మీది వంతెన దాటితే తెలంగాణ. అక్కడ రెండూ చేయొచ్చు. అందుకని మా ఊళ్లో "జర అవతలికి పోయొస్త" అన్నవాణ్ణి ఎందుకు అని ఎవరూ అడగరు. అవతలికి పోయినవాళ్లు తిరిగొచ్చేటప్పుడు మందును రెండు రకాలుగా తెస్తారు, కడుపులో కొంత, బండిలో కొంత. బండిలోది దొరికితే నాకు పిలుపు వస్తుంది. కడుపులోది దొరికితే డాక్టరుకు.

నేను చెప్పబోయే మనిషి నాకు వరసకు బావ. చుట్టరికమేమీ లేదు. మా నాయనా వాళ్ల నాయనా బావా బావా అని పిలుచుకునేవారు, మాకూ అదే అలవాటైంది. ఆయన సిరోంచ నుంచి జిమల్‌గట్టకు జీపు నడిపేవాడు. ఆ దారిలో బస్సులు తక్కువ. పొద్దునే అవతలికి పోయి వచ్చి, స్టాండులో జీపు పెట్టి, స్టీరింగు మీద తల పెట్టి పడుకునేవాడు. జనం వచ్చి వాసన చూసి ఎక్కేవారు. ఇంకో బండి లేదు కాబట్టి ఎక్కకపోవడమన్నది ఉండదు. ఎక్కడ కూర్చోవాలన్నదే ఆలోచన. వాసన ఎక్కువగా ఉన్న రోజు ముందు సీటు చివరిదాకా ఖాళీగా ఉండేది.

మొదటిసారి ఆయన స్టెప్నీ టైరులో సీసాలు దొరికాయి. స్టేషన్ ముందర వాటిని వరసగా పేర్చి పెట్టారు. బావ జీపుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నిలబడి ఉన్నాడంటే జీపు ఆయనను నిలబెట్టింది. నన్ను చూసి ముఖం విప్పారింది.

"బావా, నువ్వే వచ్చినవా? మంచిగైంది. కొత్తోళ్లొస్తే నాకు జర ఇజ్జత్ పోయినట్టుంటది."

జమేదారు రాశాడు. నేను, పాన్‌డబ్బా ఆయన సీసాలు చూశాం, టైరు చూశాం, బావను చూశాం, సంతకాలు చేశాం.

రెండు రోజులకు బావ భార్య దుకాణానికి వచ్చింది. ఆమె బామ్ని ఊరి పిల్ల. బావకు భార్య కాబట్టి నాకు చెల్లె. చేతిలో సాత్‌బారా కాగితం ఉంది. పొలం ఎవరి పేరున ఉందో చెప్పే పట్టా నకలు అది. నది ఒడ్డున ఆమె పుట్టింటివాళ్లు ఆమె పేరున రాసిచ్చిన వరి పొలం. మొగుడికి జామీను ఇవ్వడానికి దాన్ని తెచ్చింది. దానితో పాటు ఒక అఫిడవిట్ టైపు చేయమంది. నా భర్త మద్యం సేవించడు, కిట్టనివాళ్లు సీసాలు పెట్టారు అని. నేనే టైపు చేశాను. అక్షరదోషాలు లేకుండా చేశాను.

"అన్నా, కోర్టుల నిన్ను పిలుస్తరంట గద?"

"పిలుస్తరు చెల్లె."

"జర చూసి చెప్పు అన్నా. జీపు పోతే మా బతుకేం గావాలె. తాగుడొక్కటి లేకుంటె మా ఆయన బంగారమే."

కోర్టులో ఏం చెప్పాలో నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మా దగ్గర పంచ్‌గా పోయినవాళ్లంతా చెప్పే మాట ఒకటుంది. సంతకం నాదే, స్టేషన్‌కు పిలిచి చేయమంటే చేశాను, అందులో ఏం రాసి ఉందో చదవలేదు. మరాఠీలో దీన్ని ఫితూర్ కావడం అంటారు. అబద్ధమని ఎవరూ అనుకోరు. ఒక ఊళ్లో ఉంటున్నాం, పొద్దున లేస్తే ముఖాలు చూసుకోవాలి, పిలిస్తే పోయి సంతకం చేయడం సర్కారుకు మర్యాద, కోర్టులో తెలియదనడం ఊరికి మర్యాద. పొద్దున ఒకరికి, సాయంత్రం ఇంకొకరికి మర్యాద చేసి ఇంటికొచ్చి అన్నం తినేవాణ్ణి. ప్రమాణం చేసి మరీ ఆ మాట చెప్పాను. పాన్‌డబ్బా ఆయన కూడా చెప్పాడు. కేసు పోయింది. బావ మా ఇద్దరికీ చాయ్ తాగించాడు.

జిరాక్స్ దుకాణం నడిపేవాడికి ఊళ్లో అందరి సంగతీ కొంచెం కొంచెం తెలుస్తుంది. కాగితాన్ని బోర్లా పెట్టేముందు కళ్లు ఎట్లాగూ దాని మీద పడతాయి. ఆ తర్వాతి రెండు మూడేళ్లలో బావ కాగితాలు చాలా వచ్చాయి. రోడ్డు కంట్రాక్టరు రోలరులోంచి డీజిలు పోయిందన్న ఫిర్యాదులో ఆయన పేరుంది. జిమల్‌గట్ట నుంచి ఒక గోండు రైతు తన మోటారు పంపును రిపేరుకని ఈయన జీపులో వేసి పంపాడు. పంపు సిరోంచ చేరలేదు. జీపు చేరింది. జనం కాళ్లు పెట్టుకునే చోట టేకు దుంగలు పరిచి గోనెసంచులు కప్పినందుకు అటవీ శాఖవాళ్ల నోటీసు ఒకటి. ఒకసారి బావే వచ్చి తన అన్న లైసెన్సు ఇచ్చి, దాని మీద తన ఫోటో పెట్టి రంగుల జిరాక్స్ కొట్టమన్నాడు. నేను కొట్టనన్నాను. నెల తిరక్కుండా ఆ లైసెన్సు ఆయన జేబులో చూశాను, ఎవరో చేసిచ్చారు. అంచులు సరిగా కత్తిరించలేదు. పని శుభ్రంగా లేదు.

చెల్లె కూడా వస్తుండేది, పిల్లల బడి కాగితాల కోసం. ఒకసారి కన్ను వాచి ఉంది. తలుపు తగిలింది అంది. ఇంకోసారి పెదవి చిట్లి ఉంది. తలుపే. ఆమెది రెండు గదుల ఇల్లు. అన్ని తలుపులు మా తహసీలు కచేరీకి కూడా లేవు. నేను నకళ్లు తీసిచ్చి, "పైలం చెల్లె" అన్నాను. నేను చేసింది అంతే. రాయడానికే నామోషీగా ఉంది.

ఊళ్లో ఎవరిని కదిపినా ఒకటే మాట, తాగుడొక్కటి లేకుంటె మంచోడు. డీజిలు తాగుడు తీయించింది, పంపు తాగుడు అమ్మించింది, పెళ్లాన్ని తాగుడు కొట్టించింది. నాకు ఒక రోజు కోపం వచ్చింది. రోలరు డీజిలు పోయింది తెల్లారి పూట అని ఫిర్యాదులో ఉంది. అప్పటికి ఆయన ఇంకా అవతలికి పోలేదు. పళ్లు తోముకుని, ముఖం కడుక్కుని, మంచి సోయిలో ఉండి చేసిన పని అది. లైసెన్సు అడగడానికి వచ్చినప్పుడూ వాసన లేదు, చక్కగా బేరమాడాడు. తాగి బండి నడపడం ఆయన చేసే పనుల్లో ఒకటి, అంతే. బండి చప్పుడు ఎక్కువ కాబట్టి అది అందరికీ వినిపించేది. పంపు కేసు ఒక చోట, టేకు కేసు ఒక చోట, సీసాల కేసు ఒక చోట ఉండేవి. అవన్నీ ఒక్క చోటికి వచ్చింది నా మిషను మీదికే. నేను వాటిని పిన్ను కొట్టి వేరువేరుగా తిరిగి ఇచ్చేసేవాణ్ణి.

రెండోసారి సంతరోజు. పట్టపగలు జీపును కూరగాయల గుట్టల మీదికి తోలాడు. ఎవరికీ ఏం కాలేదు, టమాటలు పోయాయి, ఒక హోంగార్డు సైకిల్ నలిగింది. ఆ హోంగార్డు లైసెన్సు అడిగితే, బావ దిగి, అంచులు సరిగా కత్తిరించని ఆ లైసెన్సు చూపించి, నీ పేరేమిటని హోంగార్డు అడిగితే తన పేరే చెప్పాడు. లైసెన్సు మీద అన్న పేరుంది. ఆ చిక్కు తెగక హోంగార్డును కొట్టాడు. సీటు కింద సీసా ఉంది. "చలా శేఠ్" అన్నాడు జమేదారు.

చెల్లె మళ్లీ వచ్చింది, సాత్‌బారాతో. అదే అఫిడవిట్, తారీఖు మార్చి టైపు చేశాను.

"ఈ ఒక్కపారి అన్నా. పిల్లల మీద ఒట్టేసిండు, ఇగ ముట్టనన్నడు."

నేను మళ్లీ చదవలేదని చెప్పాను. మళ్లీ చాయ్.

మూడోసారి జమేదారు పిలిచినప్పుడు స్టేషన్‌కు కాదు, బావ ఇంటికి తీసుకుపోయాడు. మధ్యాహ్నం పన్నెండు దాటింది. జీపు ముక్కు ప్రహరీ గోడకు ఆని ఉంది. గోడ మీద సున్నం రాలిన చోట ఎర్రగా ఉంది. బంపరు సందులో ఆకుపచ్చ చేతిగాజుల ముక్కలు రెండు ఇరుక్కున్నాయి, మిగతావి కింద ముందు చక్రం దగ్గర. సీటు మీద మూత లేని సీసా, ఇంకా కొంత ఉంది. మనిషి లేడు. వంతెన దాటి పారిపోయాడు. మరునాడు పట్టుకున్నారు, అప్పటికి రక్తంలో ఏం తేలలేదు.

జమేదారు రాస్తుంటే చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆ గాజు ముక్కలను పట్టకారుతో తీసి కవరులో వేస్తున్నప్పుడు నా చేతివేళ్ల వైపు చూసుకున్నాను. అఫిడవిట్లు టైపు చేసిన వేళ్లు ఇవే కదా అనిపించింది. ఆ రోజు ఆ కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివి సంతకం పెట్టాను. జీవితంలో మొదటిసారి.

ఆసుపత్రికి పోతే చెల్లె కుడిచేతికి మోచేతి పైదాకా పట్టీ ఉంది. చెయ్యి ఉంటుంది గాని నాట్లకు పనికిరాదని డాక్టరు చెప్పాడట.

"ఏమైంది చెల్లె?"

"స్టాండుల జిమల్‌గట్ట మంది కూసున్నరు అన్నా, ఆడోళ్లు, చంటి పిల్లలు. ఈయన సోయిల లేడు. తాళంచెవి దాచిపెట్టిన. ఇంకోటున్నదంట, నాకు తెల్వదు. బండికి అడ్డం నిలవడ్డ. నన్ను చూసి ఆపుతడనుకున్న."

ఎడమచేత్తో పట్టీ సర్దుకుంది. తర్వాత ఆమే అంది.

"అన్నా, రెండుమార్లు నేనే నిన్ను అడిగిన. ఈపారి ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"చెప్త చెల్లె."

"ఖాయమా?"

"ఖాయం."

ఈసారి జామీనుకు ఆమె కాగితం ఇవ్వలేదు, బావ అన్న ఇచ్చాడు, ఆ లైసెన్సు అన్నే. కోర్టు ఒక షరతు పెట్టింది, కేసు తేలేదాకా బామ్ని పొలిమేర తొక్కకూడదు, బండి నడపకూడదు. చెల్లె పిల్లలను తీసుకుని తల్లి దగ్గరికి బామ్నికి పోయింది. పొలం మొదటిసారి తనే చూసుకుంది, కూలీలను పెట్టి నాటు వేయించింది. ఎడమచేత్తో రాయడం నేర్చుకుంది. అప్పుడప్పుడు ఫోన్ చేసేది, తారీఖు ఎప్పుడు పడిందన్నా అని. పడిన తారీఖు, వాయిదా పడిన తారీఖు చెప్పేవాణ్ణి. ఆయనకు శిక్ష పడితే, ఎంత పడితే అంతకాలం, ఈ పిల్లలు వాకిట్లో భయం లేకుండా తిరుగుతారు. ఆమె అడిగింది అంతే. దానికి కావలసింది నా నోటి మాట.

కోర్టు రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాను. పాన్‌డబ్బా ఆయన ముందు పిలుపు. సంతకం నాదే, చదవలేదు అన్నాడు. బయటికొస్తూ నా వైపు చూసి తల ఊపాడు, నీ వంతు అన్నట్టు. నేను లోపలికి పోయి ప్రమాణం చేసి అంతా చెప్పాను. సీసా, గోడ, చక్రం, గాజు ముక్కలు, వాటి రంగు. సర్కారీ వకీలు సంతోషంగా ఉన్నాడు. ఆయనకు పంచ్ మాట్లాడటం కొత్త. నాకూ గుండె తేలికైంది. ఇంత సుళువా, ఇన్నేళ్లు ఎందుకు చేయలేదు అనుకున్నాను.

అప్పుడు బావ వకీలు లేచాడు. పెద్దమనిషి, గొంతు పెంచడు. నా చేతికి కాగితాలు ఇచ్చాడు, పాత కేసులు రెండింటిలో నేనిచ్చిన వాంగ్మూలాల నకళ్లు. ఎడమ అంచున సన్నటి నల్ల గీత ఉంది. ఆ గీత మా మిషనుది, గాజు మీద గీటు పడి వస్తుంది. మొన్న ఆయన గుమాస్తా కట్ట తెచ్చి తొందర పెడితే నేనే తీసిచ్చాను. ఎప్పుడూ కళ్లు పడేవి, ఆ రోజు పడలేదు.

"ఇవి మీరు చెప్పినవేనా?" అని మరాఠీలో అడిగాడు.

"నేను చెప్పినవే."

"పంచనామా చదవకుండా, చూడకుండా సంతకం చేస్తానని ఈ కోర్టులోనే రెండుసార్లు ప్రమాణం చేసి చెప్పారు. ఈసారి చూసి చేశారా?"

"చూసి చేశాను."

"మరి అప్పుడు?"

"అప్పుడూ చూశాను."

"అంటే అప్పుడు అబద్ధం చెప్పారు."

నీళ్లు కావాలని అడిగాను. ఇచ్చారు. తాగాను. ప్రశ్న అక్కడే ఉంది.

"చెప్పాను."

"ప్రమాణం చేసి?"

"చేసే చెప్పాను."

"ఇంకేమీ అడిగేది లేదు" అని కూర్చున్నాడు.

ఆ తర్వాత చెల్లెను పిలిచారు. ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది, ఎక్కడా తడబడలేదు. వకీలు ఆమెకు కూడా రెండు కాగితాలు చూపించాడు. నా భర్త మద్యం సేవించడు అని ఆమె సంతకం పెట్టిన అఫిడవిట్లు. ఆమె అవి చూసి, దూరంగా బల్ల మీద కూర్చున్న నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఉంటే బాగుండేదని నాకు అనిపించింది. పొలం తన చేతిలో ఉంచుకోవడానికి మొగుడి మీద కేసు పెట్టింది, బండల మీద జారి చెయ్యి విరిగింది అని వకీలు వాదించాడు. కాదనడానికి నమ్మదగ్గ మనిషి ఒక్కడు కావాలి. ఊళ్లో ఆ రోజు ఆ గోడ దగ్గర ఉన్నది మేమిద్దరం. ఒకడు ఇప్పుడు తెలియదన్నాడు, ఒకడు అప్పుడు తెలియదన్నాడు.

తీర్పు కొన్ని వారాలకు వచ్చింది. చెల్లె రాలేదు, కోతలున్నాయంది. బావ తప్పు చేయలేదని కోర్టు అనలేదు. చేశాడని నమ్మడానికి చాలిన సాక్ష్యం లేదంది. నిర్దోషిగా వదిలేశారు, షరతులు పోయాయి. న్యాయమూర్తి మీద నాకు కోపం లేదు. నా మాట నా ముందుకే వస్తే నేనైనా నమ్మేవాణ్ణి కాదు.

మెట్ల దగ్గర బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. గడ్డం గీసుకుని, తెల్లచొక్కా వేసుకుని, పెళ్లికి వచ్చినట్టున్నాడు.

"బావా, నువ్వు చెప్పింది నేనేం మనసుల పెట్టుకోలే. ఎవలో చెప్పుమన్నరు, చెప్పినవ్. మన దోస్తీ ఎటు వోతది?"

"ఎటు పోతున్నవ్ ఇప్పుడు?"

"అవతలికి పోయొస్త జర. ఇయ్యాల ఖుషీ దినం గద. అటెన్క బామ్నికి. పిల్లలను చూడక ఎన్ని దినాలైంది. ఆమెతోని కూడ మాట్లాడేదున్నది."

జీపు వాపసు రావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి, వారం పడుతుంది. ఆయన దానికోసం ఆగలేదు. అన్న మోటారుసైకిల్ అక్కడే ఉంది, కిక్కు కొట్టి వంతెన వైపు పోయాడు. నేను రోడ్డు దాటి స్టేషన్‌కు పోయి జమేదారుకు చెప్పాను. ఆయన విని, వంతెన దగ్గరి చౌకీకి ఫోన్ చేసి తిరుగుదారిలో చూడమంటానన్నాడు, ఫోన్ కూడా చేశాడు. కానీ ఒక మనిషి తన పిల్లలను చూడటానికి పోతానంటే ఏ కలం, ఏ సెక్షన్ కింద ఆపాలి శేఠ్ అని నన్నే అడిగాడు. ఆయన అడిగింది నిజమే.

దుకాణానికి వచ్చి చెల్లెకు ఫోన్ చేశాను. వెనక నుంచి పిల్లల కేకలు వినిపిస్తున్నాయి, ఏదో ఆటలో ఉన్నారు.

"అన్నా, ఏమైంది?"

"ఇడిసిపెట్టిన్రు చెల్లె. నా మాట నమ్మలే. తప్పు నాదే."

నేను ఏడ్చాను. దుకాణంలో ఎవరో గిరాకీ నిలబడి ఉన్నారు, వాళ్ల ముందే ఏడ్చాను.

"వస్తున్నడా?" అంది ఆమె.

"వస్తున్నడు. అవతలికి పోయి వస్తడంట."

"బండి మీదనా?"

"బండి మీదనే."

"సరే అన్నా," అంది. "పిల్లలు రోడ్డు మీద ఆడుకుంటున్నరు. లోపలికి పిలుస్త."